బ్యాటరీ సేవర్ యాప్‌లకు ఇంకా ఆమోదముద్ర ఎందుకు? యాప్ స్టోర్ల నిర్వాహకులకు బహిరంగ లేఖ

యాప్ స్టోర్లలో ఏది ఉండాలో, ఏది ఉండకూడదో నిర్ణయించే పెద్దలందరికీ నమస్కారం.

2023లో ఆండ్రాయిడ్ 14 వచ్చినప్పుడు డెవలపర్ల కోసం గూగుల్ ప్రచురించిన పత్రాల్లో ఒక చిన్న గమనిక ఉంది. బయటివారు తయారుచేసిన యాప్ ఏదీ ఆండ్రాయిడ్ ఫోనులో మెమరీ వాడకాన్ని గానీ, విద్యుత్తు ఖర్చును గానీ, వేడిని గానీ మెరుగుపరచలేదన్నది దాని సారాంశం. తప్పుదోవ పట్టించే ప్రచారం గురించి ప్లే స్టోర్ పెట్టిన నిబంధనకు యాప్‌లు లోబడి ఉండాలని కూడా అక్కడే గుర్తుచేశారు.

ఆండ్రాయిడ్ యాప్‌లు రాయడం నా వృత్తి. ఆ గమనికతో నాకు ఏ పేచీ లేదు. నేను అడగదలచుకున్నది వేరు. ఆ వ్యవస్థను నిర్మించినవారే ఇది సాధ్యం కాదని రాతపూర్వకంగా చెప్పిన తర్వాత కూడా, బ్యాటరీ రెట్టింపు సేపు వస్తుందనీ, ఒక్కసారి నొక్కితే ఫోను చల్లబడుతుందనీ, అరిగిపోయిన బ్యాటరీ బాగుపడుతుందనీ చెప్పే యాప్‌లు స్టోర్లలో ఎలా కొనసాగుతున్నాయి? అవి దొడ్డిదారిన రావడం లేదు. మీ పరిశీలనకు వచ్చి, మీ ఆమోదం పొంది, మీ మీద ఉన్న నమ్మకంతోనే జనం ఫోన్లలోకి చేరుతున్నాయి. ‘స్టోర్‌లో ఉంది కదా, మంచిదే అయివుంటుంది’ అనుకునే మనిషికి మీరు జవాబుదారీ అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఇలాంటి యాప్ నడిచేటప్పుడు లోపల ఏం జరుగుతుందో ఒకసారి దగ్గరగా చూద్దాం. ఆండ్రాయిడ్ 14 కన్నా పాత వెర్షన్ ఉన్న ఫోనును కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి, వ్యవస్థ తనంతట తాను రాసుకునే లాగ్‌ను పక్కన తెరిచి పెట్టుకుని చూశాను. ఫోను తెర మీద ఒక పెద్ద గుండ్రటి చక్రం తిరుగుతూ ఉంటుంది. కింద అంకె పెరుగుతూ పోతుంది. కాసేపటికి తెరంతా ఎర్రబడి, ఇన్ని యాప్‌లు మీ బ్యాటరీని తాగేస్తున్నాయన్న హెచ్చరిక వస్తుంది. ‘ఇప్పుడే సరిచేయండి’ అనే బొత్తాం నొక్కగానే తెర నిండా ఒక వీడియో ప్రకటన. అది ముగిశాక పచ్చని టిక్కు గుర్తు, దాని కింద బ్యాటరీ సమయం గంటకు పైగా పెరిగిందన్న శుభవార్త. లాగ్‌లో కనిపించిన కథ వేరు. మెయిల్, మెసేజీలు, క్యాలెండర్ లాంటి యాప్‌ల ప్రాసెస్‌లు, అంటే మెమరీలో నడుస్తున్న వాటి ప్రోగ్రాములు, ఆగిపోయాయి. చూస్తుండగానే వాటిలో చాలావరకు కొత్త ప్రాసెస్ సంఖ్యలతో మళ్లీ లేచి కూర్చున్నాయి. చక్రం తిరుగుతున్నంతసేపూ ప్రాసెసర్ నిద్రపోలేదు, తెర వెలుగుతూనే ఉంది, ప్రకటన వీడియో కోసం ఇంటర్నెట్ పనిచేస్తూనే ఉంది.

యాప్‌లను ఇలా ఆపడం వల్ల బ్యాటరీ ఎందుకు మిగలదో చెప్పడానికి పెద్ద శాస్త్రమేమీ అక్కర్లేదు. మనం ఒక యాప్ వాడి బయటికి వచ్చినప్పుడు ఆండ్రాయిడ్ దాన్ని వెంటనే తుడిచేయదు, మెమరీలో ఉంచుతుంది. మెమరీలో ఉన్నంత మాత్రాన అది పనిచేస్తున్నట్టు కాదు. ఇటీవలి వెర్షన్లలో అలా పక్కన పెట్టిన యాప్‌లను వ్యవస్థ స్తంభింపజేస్తుంది కూడా. అప్పుడు వాటికి ప్రాసెసర్ అందనే అందదు. ర్యామ్ నిండుగా ఉన్నా ఖాళీగా ఉన్నా అది తీసుకునే విద్యుత్తులో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. అందులోని చిప్పులను ఎలాగూ క్షణక్షణం తాజా చేస్తూ ఉండాల్సిందే. కాబట్టి ‘ర్యామ్ ఖాళీ చేశాం’ అన్న మాటకూ బ్యాటరీకీ సంబంధం లేదు. చోటు నిజంగా చాలకపోతే ఏ యాప్‌ను ముందు తీసేయాలో ఆండ్రాయిడే చూసుకుంటుంది. ఆ పనికి దానిలో ఏర్పాటు మొదటినుంచీ ఉంది. ఖర్చంతా ఎక్కడంటే, తీసేసిన యాప్‌ను మళ్లీ మొదటి నుంచి లేపడంలో. కొత్త ప్రాసెస్ సృష్టించాలి, స్టోరేజీ నుంచి కోడ్ మళ్లీ చదవాలి, తెరను మళ్లీ గీయాలి, సర్వర్‌తో మళ్లీ అనుసంధానం కావాలి. మెమరీలో ఉన్నదాన్ని ముందుకు తీసుకురావడం కంటే ఇదంతా ఎక్కువ పని.

ఇది నా సొంత సిద్ధాంతం కాదు. 2016లో ఆపిల్ సాఫ్ట్‌వేర్ విభాగాధిపతి క్రెయిగ్ ఫెడరిగి, అప్పట్లో గూగుల్‌లో ఆండ్రాయిడ్‌ను చూస్తున్న హిరోషి లాక్‌హైమర్ ఇద్దరూ ఈ విషయంలో ఒకే మాట చెప్పారు. వాడని యాప్‌లను మూసుకుంటూ పోవడం వల్ల బ్యాటరీ ఆదా కాదన్నారు. పోటీపడే రెండు వ్యవస్థలను నడిపే ఇద్దరు పెద్దలు బహిరంగంగా ఏకీభవించిన అరుదైన విషయాల్లో ఇదొకటి.

ఆండ్రాయిడ్ 14తో గూగుల్ ఇంకో మంచి పని చేసింది. ఒక యాప్ మరో యాప్‌కు చెందిన బ్యాక్‌గ్రౌండ్ ప్రాసెస్‌లను ఆపే వీలును తీసేసింది. పాత ఆదేశం ఇప్పుడు ఆ యాప్ సొంత ప్రాసెస్‌లకే వర్తిస్తుంది. దీంతో ఇలాంటి యాప్‌ల దగ్గర రెండే దారులు మిగిలాయి. మొదటిది, ఏమీ చేయకుండా చక్రం మాత్రం తిప్పి టిక్కు గుర్తు చూపించడం. రెండోది ప్రమాదకరమైనది. చూపు లేనివారికి, చేతులు సరిగా కదలనివారికి ఫోను వాడుకోవడం సులభం కావాలని పెట్టిన యాక్సెసిబిలిటీ అనుమతిని అడిగి తీసుకుంటాయి. ఆ అనుమతి ఉన్న యాప్ తెర మీద ఉన్నది చదవగలదు, మన బదులు బొత్తాలు నొక్కగలదు. మన కళ్ల ముందు ఒక అందమైన బొమ్మ కదులుతూ ఉంటుంది. దాని వెనకాల సెట్టింగ్స్ పేజీలు ఒక్కొక్కటిగా తెరుచుకుంటూ, ప్రతి యాప్ దగ్గరా ‘ఫోర్స్ స్టాప్’ బొత్తాం దానంతట అదే నొక్కుకుంటూ ఉంటుంది.

ఫోర్స్ స్టాప్ అంటే మామూలు విషయం కాదు. అలా ఆపిన యాప్ పెట్టుకున్న అలారాలు, తర్వాత చేయాల్సిన పనులు రద్దవుతాయి. వాడేవారు మళ్లీ చేత్తో తెరిచేవరకు దానికి పుష్ సందేశాలు కూడా అందవు. మేము తయారుచేసే యాప్‌కు వచ్చే ఫిర్యాదుల్లో ‘నోటిఫికేషన్లు రావడం లేదు’ అన్నది ఎప్పుడూ ఉండేదే. విచారిస్తే ఫోనులో ఏదో ఒక బ్యాటరీ సేవరో క్లీనరో ఉందని తేలిన సందర్భాలు కోకొల్లలు. ఆ యాప్‌ను తీసేయమంటాం. మర్నాటి నుంచి నోటిఫికేషన్లు వస్తాయి. కానీ అప్పటికే మాకు ఒక్క నక్షత్రం ఇచ్చి వెళ్లిపోయినవారి సంగతేమిటి? వారి దృష్టిలో చెడ్డ యాప్ మాది. ఆపినది మాత్రం ఐదు నక్షత్రాలతో వెలుగుతూ ఉంటుంది.

మా నష్టం చిన్నది. చర్మానికి అతికించుకునే గ్లూకోజ్ సెన్సర్ వాడే మధుమేహ రోగుల గురించి ఆలోచించండి. కొన్ని నిమిషాలకోసారి సెన్సర్ పంపే కొలతను ఫోనులోని యాప్ అందుకుంటుంది. రాత్రి నిద్రలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతే అలారం మోగించి లేపాల్సింది ఆ యాప్. అది బ్యాక్‌గ్రౌండ్‌లో నడిస్తేనే ఆ పని చేయగలదు. ‘బ్యాటరీని తాగే యాప్‌ల’ జాబితాలో దాన్ని చేర్చి, పడుకునే ముందు ఒక్క నొక్కుతో ఆపేయమని సలహా ఇచ్చే యాప్‌ను ఏ ప్రమాణంతో ఆమోదించారో చెప్పండి. మందు వేళను గుర్తుచేసే యాప్‌లూ, ఆపదలో ఇంట్లోవారికి కబురు పంపే యాప్‌లూ ఇదే జాబితాలోకి వస్తాయి.

ఈ యాప్‌లు ఎప్పుడూ పనికిరానివేనని నేను అనడం లేదు. స్మార్ట్‌ఫోన్ల తొలినాళ్లలో ఏ యాప్ అయినా తనకు తోచినప్పుడు ఫోనును నిద్ర లేపి ఇంటర్నెట్‌ను తట్టగలిగేది. దాన్ని అదుపు చేసే యంత్రాంగం ఆండ్రాయిడ్‌లో బలహీనంగా ఉండేది. అప్పట్లో రూట్ చేసిన ఫోన్లలో, అంటే అడ్డంకులు తొలగించి వ్యవస్థ మీద పూర్తి అధికారం తీసుకున్న ఫోన్లలో, అలాంటి యాప్‌లను నిద్రపుచ్చే పనిముట్లను కొందరు నిపుణులు నిజాయితీగా తయారుచేశారు, అవి పనిచేశాయి కూడా. తర్వాత ఆ పనిని వ్యవస్థే తన చేతుల్లోకి తీసుకుంది. 2014లో ఆండ్రాయిడ్ 5తో బ్యాటరీ సేవర్ సదుపాయమూ, యాప్‌ల పనులన్నీ ఒక వేళకు కుదించి చేసే జాబ్ షెడ్యూలర్ అనే ఏర్పాటూ వచ్చాయి. 2015లో ఆండ్రాయిడ్ 6తో డోజ్ వచ్చింది. చార్జర్ తీసి, తెర ఆపి, ఫోనును కదలకుండా ఉంచితే కొంతసేపటికి యాప్‌లన్నిటికీ ఇంటర్నెట్ ఆగిపోతుంది. మధ్య మధ్య కొద్ది వ్యవధి ఇచ్చి అప్పుడు మాత్రమే పనులు చేసుకోనిస్తుంది. ఆండ్రాయిడ్ 7 ఆ సూత్రాన్ని జేబులో కదులుతున్న ఫోనుకూ కొంత వర్తింపజేసింది. 2017లో ఆండ్రాయిడ్ 8 బ్యాక్‌గ్రౌండ్ సర్వీసులకు, లొకేషన్ వాడకానికి పరిమితులు విధించింది. 2018లో ఆండ్రాయిడ్ 9 మనం ఏ యాప్ ఎంత తరచుగా వాడతామో గమనించి, వాడకాన్ని బట్టి వాటిని తరగతులుగా విభజించడం మొదలుపెట్టింది. అరుదుగా తెరిచే యాప్‌కు బ్యాక్‌గ్రౌండ్‌లో అరుదుగానే అవకాశం దక్కుతుంది. ఐఫోన్లలోనూ 2015లో ఐఓఎస్ 9తో లో పవర్ మోడ్ వచ్చింది. అక్కడైతే ఒక యాప్ మరో యాప్‌ను ముట్టుకునే వీలే లేదు. అయినా బ్యాటరీ పేరుతో సబ్‌స్క్రిప్షన్లు అమ్మే యాప్‌లు అక్కడ కూడా కనిపిస్తాయి. చార్జింగ్ బొమ్మలు, వాల్‌పేపర్లు తప్ప అవి బ్యాటరీకి చేయగలిగింది ఏమీ లేదు.

ఒకప్పుడు బొత్తాలుగా అమ్ముకున్న చిన్న చిన్న పనులు కూడా వీటి చేతిలో మిగల్లేదు. 2019 నాటి ఆండ్రాయిడ్ 10 కోసం రాసిన యాప్‌లు వైఫైని సొంతంగా ఆపలేవు, వేయలేవు. బ్లూటూత్‌కూ ఆండ్రాయిడ్ 13 నుంచి అదే నియమం. అనుమతి ఇస్తే తెర వెలుగు తగ్గించగలవు. అది మనం ఒక్క వేలితో చేసుకునే పని.

ఇక అవి చూపించే అంకెలు. ఏ యాప్ ఎంత విద్యుత్తు వాడిందో చెప్పే లెక్కలను చదివే అనుమతి 2013 నాటి ఆండ్రాయిడ్ 4.4 నుంచి మామూలు యాప్‌లకు దొరకదు. ఫోనును కంప్యూటర్‌కు కలిపి ప్రత్యేకంగా ఆదేశమిస్తేనో, రూట్ చేస్తేనో తప్ప ఆ సమాచారం వాటికి అందదు. అలాంటప్పుడు ఈ యాప్ ఇంత శాతం, ఆ యాప్ అంత శాతం తాగిందని అవి ఎక్కడ చూసి చెబుతున్నాయి? ‘1 గంట 12 నిమిషాలు పెరిగింది’ అన్నప్పుడు ఆ 12 నిమిషాలను ఎవరు కొలిచారు? పెరిగిందనడానికి ముందు ఎంత ఉండేదో తెలియాలి, తర్వాత ఎంతసేపు వచ్చిందో చూడాలి. బొత్తాం నొక్కిన మరుక్షణం చెప్పే అంకెకు ఈ రెండూ లేవు. పక్కా నిమిషాలతో సహా చెప్పడం వల్ల అబద్ధానికి కొలత రూపం వస్తుంది. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది ఇదే. ఎందుకంటే ఫోను లోపల ఏముందో తెలియని మనిషి అంకెను నమ్మి తీరతాడు.

ఈ యాప్‌లు సొంతంగా ఎంత ఖర్చు చేస్తాయో కూడా చూడాలి. దాదాపు అన్నీ ఉచితం, అంటే ప్రకటనల మీద బతికేవి. 2012లో పర్డ్యూ విశ్వవిద్యాలయం, మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ పరిశోధకులు యాప్‌ల లోపల విద్యుత్తు ఎక్కడ ఖర్చవుతోందో వివరంగా కొలిచారు. ఉచిత యాప్‌లలో 65 నుంచి 75 శాతం దాకా బయటి ప్రకటనల మాడ్యూళ్లకే పోతున్నట్టు తేల్చారు. అప్పటి యాప్‌లు వేరు, ఇప్పటివి వేరు. కానీ ప్రకటనను తెప్పించడం, చూపించడం, ఎవరు చూశారో తిరిగి చెప్పడం ఇప్పటికీ ఇంటర్నెట్‌తో, ప్రాసెసర్‌తో జరిగే పనులే. దానికి తోడు ఎప్పుడూ నోటిఫికేషన్ల వరసలో కూర్చుని, చార్జర్ పెట్టినప్పుడల్లా తెర వెలిగించి, ఉన్నట్టుండి హెచ్చరిక పంపించే యాప్ బ్యాటరీని కాపాడుతుందనడం కంచే చేను మేసినట్టు ఉంటుంది.

‘మరి జనం మంచి రేటింగులు ఇస్తున్నారు కదా’ అని మీరు అడగవచ్చు. ఫోను వాడకం ఏ రెండు రోజులూ ఒకేలా ఉండదు. ఒక రోజు వీడియోలు ఎక్కువ చూస్తాం, ఒక రోజు సిగ్నల్ సరిగా లేని చోట గడుపుతాం, ఒక రోజు ఫోను ముట్టుకోం. బ్యాటరీ మరీ త్వరగా అయిపోయిన రోజునే మనిషి ఇలాంటి యాప్ కోసం వెతుకుతాడు. మర్నాడు మామూలు రోజే అయినా, ఆ మెరుగుదల యాప్ ఖాతాలో పడుతుంది. పైగా ఐదు నక్షత్రాలు ఇవ్వమని అడిగేది ఎప్పుడు? పచ్చని టిక్కు కనిపించిన క్షణంలోనే. ఆ క్షణంలో ఇచ్చిన రేటింగు బ్యాటరీకి ఇచ్చినది కాదు, బొమ్మకు ఇచ్చినది.

ఇప్పటిదాకా చెప్పింది ఒక చార్జింగ్‌తో ఎంతసేపు వస్తుందన్న దాని గురించి. బ్యాటరీ ఎన్నేళ్లు మన్నుతుందన్నది ఇంకో ప్రశ్న. ఈ రెంటినీ కలగలిపి వ్యాపారం చేసే యాప్‌లు మరింత దుర్మార్గమైనవి. 1991లో సోనీ మార్కెట్లోకి తెచ్చిన లిథియం అయాన్ బ్యాటరీయే ఇవాళ మన ఫోన్లన్నిటికీ ఆధారం. దాన్ని సాధ్యం చేసిన జాన్ గుడెనఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకిరా యోషినోలకు 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఈ బ్యాటరీ అరుగుదల పూర్తిగా రసాయన ప్రక్రియ. ఎలక్ట్రోడ్ మీద ఒక పొర క్రమంగా మందమవుతూ, వాడుకోదగిన లిథియాన్ని తనలో బంధించేస్తుంది. వేడి ఎక్కువైతే, నిండు చార్జితో ఎక్కువ కాలం ఉంచితే ఆ పని వేగం పుంజుకుంటుంది. కాడెక్స్ సంస్థ నడిపే బ్యాటరీ యూనివర్సిటీ అనే వెబ్‌సైట్ ప్రచురించిన పట్టిక ప్రకారం, 25 డిగ్రీల వద్ద 40 శాతం చార్జితో ఏడాది పాటు ఉంచిన సెల్‌లో 96 శాతం సామర్థ్యం మిగులుతుంది. అదే 100 శాతం చార్జితో ఉంచితే 80 శాతం, దానికి తోడు 40 డిగ్రీల వేడి కూడా ఉంటే 65 శాతం మాత్రమే. పోయిన ఆ సామర్థ్యాన్ని ఏ యాప్ వెనక్కి తీసుకురాగలదు? తెర మీద సూది గుర్తు చూపించి ‘బ్యాటరీ రిపేరు జరుగుతోంది’ అన్న యాప్‌ను పరిశీలించినవారు ఈ ప్రశ్న వేసుకోలేదా?

‘క్యాలిబ్రేషన్’ పేరుతో బ్యాటరీ గణాంకాల ఫైలును తుడిచేస్తే ఎక్కువసేపు వస్తుందన్న నమ్మకం ఒకటి చాలాకాలం చలామణీ అయింది. ఆ ఫైలుకూ, బ్యాటరీ స్థాయికీ, మన్నికకూ సంబంధమే లేదని ఆండ్రాయిడ్ రూపకర్తల్లో ఒకరైన డయాన్ హాక్‌బోర్న్ చాలా ఏళ్ల కిందటే వివరంగా రాశారు. ఏ యాప్ ఎంత వాడిందో సెట్టింగ్స్‌లో చూపించడానికి పనికొచ్చే లెక్క మాత్రమే అది. అంత స్పష్టంగా చెప్పినా ఆ తరహా యాప్‌లు ఆగలేదు.

ఇక్కడ కొందరికి న్యాయం చేయాలి. చార్జింగ్ కరెంటును కొలిచి, బ్యాటరీలో అసలు ఎంత సామర్థ్యం మిగిలిందో అంచనా వేసే యాప్‌లు ఉన్నాయి. 80 శాతానికి చేరగానే చార్జర్ తీయమని గుర్తుచేసేవి ఉన్నాయి. ఇవి బ్యాటరీని పొడిగిస్తామని అనవు, సమాచారం ఇస్తామని అంటాయి. రూట్ చేయని ఫోనులో చార్జింగ్‌ను ఆపే శక్తి మామూలు యాప్‌కు లేదని వాటిని రాసినవారికి తెలుసు. అందుకే అవి గుర్తుచేయడంతో ఆగుతాయి. నా అభ్యంతరం వీటి మీద కాదు. నిజం చెప్పే ఈ కొద్దిమందిని, అబద్ధం చెప్పేవారి పక్కన ఒకే వరసలో నిలబెడుతున్న మీ స్టోరు మీద.

భద్రత సంగతి వేరే చెప్పాలా? 2017 జనవరిలో చెక్ పాయింట్ సంస్థ పరిశోధకులు ప్లే స్టోర్‌లో ఎనర్జీ రెస్క్యూ అనే బ్యాటరీ యాప్ లోపల ‘చార్జర్’ అని వారు పేరు పెట్టిన రాన్సమ్‌వేర్‌ను కనుగొన్నారు. అది కాంటాక్టులను, మెసేజీలను కాజేసి, అడ్మిన్ అనుమతి దక్కితే ఫోనును తాళం వేసి 0.2 బిట్‌కాయిన్ అడిగేది. ఆ తర్వాతి సంవత్సరం రిస్క్‌ఐక్యూ సంస్థ మరో బ్యాటరీ సేవర్ గురించి బయటపెట్టింది. కనీసం 60,000 ఫోన్లలోకి చేరిన ఆ యాప్ ఫోనులోని సమాచారాన్ని కాజేస్తూ, వాడేవారికి తెలియకుండా ప్రకటనలను నొక్కుతూ ఉండేది. బ్యాటరీ సేవర్ అన్న వేషం దొంగలకు ఎందుకు నచ్చుతుందో మీకు తెలియనిది కాదు. ఎన్ని అనుమతులు అడిగినా ‘ఆదా చేయాలంటే అన్నీ తెలియాలి కదా’ అని జనం ఇచ్చేస్తారు.

ఫోను నిజంగా ఎక్కువసేపు రావాలంటే ఏం చేయాలో రెండు మాటల్లో చెప్పవచ్చు. ఎక్కువ ఖర్చు తెరది, ఆ తర్వాత సెల్యులార్ రేడియోది. వెలుగు తగ్గించడం, తెర త్వరగా ఆరిపోయేలా పెట్టుకోవడం, సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట వైఫై వాడటం, ఫోనులోనే ఉన్న బ్యాటరీ సేవర్‌ను వేసుకోవడం, బ్యాటరీ పేజీలో అతిగా వాడుతున్నట్టు కనిపించే యాప్‌ను పరిమితం చేయడం. నల్లగా ఉన్నచోట వెలగని ఓఎల్‌ఈడీ తెర ఉంటే డార్క్ మోడ్ కూడా. అయితే దాని ఫలితం వెలుగును బట్టి మారుతుంది. పర్డ్యూ పరిశోధకులు 2021లో కొలిచినప్పుడు పూర్తి వెలుగులో 39 నుంచి 47 శాతం ఆదా కనిపించింది, మామూలుగా వాడే 30 నుంచి 50 శాతం వెలుగులో 3 నుంచి 9 శాతమే. కొలిచి చెప్పిన అంకె ఇలా ఉంటుంది. ఏ పరిస్థితిలో ఎంతో చెబుతుంది, తక్కువైతే తక్కువని ఒప్పుకుంటుంది.

ఇప్పుడు మీరు చేయవలసినవి. పేరులో గానీ, వివరణలో గానీ, స్క్రీన్‌షాట్లలో గానీ బ్యాటరీ సమయం పెంచుతామని, చల్లబరుస్తామని, బాగుచేస్తామని చెప్పే ప్రతి యాప్‌ను ఆధారం చూపమని అడగండి. ఒకే ఫోను, ఒకే వెలుగు, ఒకే పని, యాప్ ఉన్నప్పుడూ లేనప్పుడూ కొలిచిన ఫలితం. దాన్ని మీ ప్రయోగశాలలో మళ్లీ చేసి చూడండి. నిలబడితే ఉంచండి, నిలబడకపోతే తీసేయండి. మందు సీసా మీద రాసిన దానికి తయారీదారు ఎలా బాధ్యుడో ఇక్కడా అంతే కావాలి. ఇతర యాప్‌లను ఆపడానికి యాక్సెసిబిలిటీ అనుమతి వాడుకునే యాప్‌లను మాత్రం ఆధారాలతో నిమిత్తం లేకుండా ఆపేయండి. వికలాంగుల కోసం పెట్టిన సదుపాయం అది.

మీలో కొందరు ప్రకటనల వ్యాపారం కూడా నడుపుతున్నారు. ‘మీ బ్యాటరీ దెబ్బతింది, వెంటనే ఈ యాప్ వేసుకోండి’ అని భయపెట్టే ప్రకటనలను అక్కడే ఆపగలిగే శక్తి మీకుంది. స్టోర్‌లో వాటిని తీసేసి, ప్రకటనల్లో వాటికి చోటిస్తే ప్రయోజనం లేదు. ఫోను తయారీదారులకు కూడా ఒక మాట. మీ ఫోన్లలో మీరే ముందుగా పెట్టి పంపే క్లీనర్లు ఇదే చక్రం తిప్పి ఇదే టిక్కు చూపిస్తున్నప్పుడు, బయటివారిని తప్పుపట్టే అర్హత మీకు ఉండదు.

‘బ్యాటరీ సేవర్’ అని వెతికినవారికి మొదటి ఫలితంగా ఫోనులోని బ్యాటరీ సెట్టింగ్స్‌కు తీసుకెళ్లే దారి చూపించండి. వెతికే మనిషికి కావలసింది యాప్ కాదు, సాయంత్రం దాకా నిలిచే ఫోను.

ఆఖరుగా, ఇప్పటికే ఈ యాప్‌లు వేసుకున్నవారి విషయం. స్టోర్ నుంచి తొలగించినంత మాత్రాన వారి ఫోన్ల నుంచి అవి పోవు, సబ్‌స్క్రిప్షన్లకు అప్పటికే కట్టిన డబ్బు దానంతట అది తిరిగి రాదు. ఎవరి ఫోనులో ఏ యాప్ ఉందో, ఎవరి దగ్గర ఎంత వసూలైందో లెక్క మీ దగ్గర ఉంది. యాప్‌ను తొలగించిన రోజునే వారందరికీ వారి భాషలో కబురు పంపండి: ఈ యాప్ చెప్పిన పని చేయదు, మీరిచ్చిన యాక్సెసిబిలిటీ అనుమతిని ఇలా వెనక్కి తీసుకోండి, మీరు కట్టిన డబ్బు ఫలానా తేదీకల్లా మీ ఖాతాలో జమ అవుతుంది.

ఇట్లు,
ఒక ఆండ్రాయిడ్ డెవలపర్